గేటు దాటాక పొగ

నవంబరు 3, సోమవారం

నియమం ప్రకారం ఈ పుస్తకంలో రోజూ మూడు సంగతులు రాయాలి: గాలి ఎటు నుంచి వీస్తోంది, ఎండ ఎంత, మసి అంకె ఎంత. పదకొండేళ్లుగా నేను ఆ మూడే రాస్తూ వచ్చాను. ఇవాళ్టి నుంచి మిగతావి కూడా రాయాలనుకుంటున్నాను. గట్టిగా చెప్పగల కారణమేదీ లేదు. అంకెలు తగ్గుతున్నాయి, ఆ తగ్గడం నాకు నచ్చడం లేదు.

గాలి: ఈశాన్యం, మెల్లగా. ఎండ: ఇరవై తొమ్మిది. మసి అంకె: కిలోమీటరుకు పద్దెనిమిది మిల్లీగ్రాములు. ఆగస్టులో ఇది నలభై ఒకటి.

పొద్దున్నే వచ్చి గేటు అద్దాలు తుడిచాను. హార్బరు రోడ్డు కాబట్టి తెల్లారేసరికి ఉప్పు పేరుకుని ఉంటుంది. మల్లుగుడ్డ తడిపి పైనుంచి కిందికి తుడవాలి, గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయి. తర్వాత చిన్న సిలిండరులోంచి ముందే కొలిచి పెట్టిన గ్యాసు వదిలి, గేటు సరిగ్గా చెబుతోందో లేదో చూసుకోవాలి. సరిగ్గానే చెప్పింది. రోడ్డుకు ఈ పక్క స్తంభం నుంచి బయల్దేరిన కాంతి ఆ పక్క అద్దానికి తగిలి తిరిగొచ్చేలోపు, మధ్యలో పోయిన బండి ఎంత పొగ వదిలిందో తేలిపోతుంది. విశాఖపట్నంలో ఇలాంటి గేట్లు నలభై ఉన్నాయి. నాది ఏడోది. నా పేరు కాత్యాయని అయినా ఈ రోడ్డు మీద అందరూ పొల్యూషనమ్మ అనే పిలుస్తారు.

పదింటికి పట్టిక ఆఫీసు నుంచి భానుమూర్తి గారు ఫోన్ చేశారు. నలభై గేట్ల అంకెలూ కలిపి ఊరి అంకె తేల్చి పైకి పంపేది ఆయనే. అక్టోబరు పట్టికలో ఏడు నగరాల్లో మనం మూడో స్థానానికి వచ్చామనీ, డిసెంబరు పదిన వేసే సంవత్సరం పట్టికలో మొదటి స్థానం కూడా రావచ్చనీ చెప్పారు. ఆయన గొంతులో సంతోషం కంటే ఊరట ఎక్కువగా వినిపించింది. ఏడో స్థానంలో పడిన నగరానికి మరుసటి ఏడాదంతా ఇంధనం సగమే ఇస్తారు. నిరుడు అలా పడిన నగరంలో భానుమూర్తి గారి అక్క ఉండేది. వేసవిలో నీళ్ల ట్యాంకర్లు తిరగలేదు, అంబులెన్సులు తిరగలేదు. ఆవిడ ఇప్పుడు లేదు.

నవంబరు 6, గురువారం

గాలి: ఈశాన్యం. ఎండ: ఇరవై తొమ్మిది. మసి అంకె: పదిహేడు.

నూకాలప్ప వచ్చింది. ఇక్కడికి మూడు కిలోమీటర్ల దక్షిణాన ఉప్పుగెడ్డపేటలో ఉంటుంది, ఎండు చేపలు అమ్ముతుంది. ఆ పేట బస్సు నా గేటు ముందు నుంచి వచ్చి, అరకిలోమీటరు ముందున్న సొరంగంలోంచి కొండ అవతలి బజారుకు పోతుంది. వారానికి రెండుసార్లు ఆమె ఆ బస్సులో పోతూ ఇక్కడ దిగి, నాతో నాలుగు మాటలాడి, తరవాతి బస్సు ఎక్కడం అలవాటు. మూడు వారాలుగా కనబడలేదు.

ఇవాళ అమ్మకానికి రాలేదట, చూపించడానికే వచ్చిందట. గంప మీద గుడ్డ తీసింది. వెండిలా మెరవాల్సిన నెత్తళ్లు బొగ్గు ముక్కల్లా ఉన్నాయి.

"పొద్దున్న ఇసక మీద పరిసినాను పాపా. మజ్జానం తిరగేద్దామని ఎల్లేతలికి ఇలగయిపోనాయి. మూడు వారాల్నించీ ఇదే వరస. ఎవులు కొంతారు?"

పొయ్యిల పొగేమో అన్నాను. పేటలో కట్టెల పొయ్యి మానేసి పన్నెండేళ్లయిందని చెప్పింది. ఒక చేపను మల్లుగుడ్డతో రుద్దాను. గుడ్డ మీద పడిన మరక జిడ్డుగా, మెత్తగా ఉంది. పదకొండేళ్లుగా ఆ మసిని అద్దాల మీద తుడుస్తున్నదాన్ని, చూడక్కర్లేకుండానే వేళ్లకు తెలిసింది. అది బండి మసి.

మాట్లాడుతున్నంతసేపూ ఆమె దగ్గుతూనే ఉంది.

నవంబరు 12, బుధవారం

గాలి: లేదు. ఎండ: ఇరవై ఎనిమిది. మసి అంకె: పద్నాలుగు.

ఇవాళ ఇనుప ఖనిజం నిండా వేసుకున్న లారీ ఎగువకు పోతూ నా గేటు దాటింది. మసి రెండు మిల్లీగ్రాములు. దాని వెనకే ఖాళీ కూరగాయల వ్యాను, మసి మూడు. ఇది అయ్యే పని కాదు. గ్యాసు వదిలి గేటును మళ్లీ పరీక్షించాను, మూడుసార్లు. గేటులో తప్పు లేదు.

అయితే బండిలోనే ఏదో ఉంది. ఇంజను ఎప్పుడు ఎంత మండాలో తేల్చేది సారథి. ఏడు నగరాల్లో ప్రతి లారీనీ బస్సునీ నడిపే యంత్రపు బుర్ర అదొక్కటే. డ్రైవరు సరుకు ఎక్కించుకోడానికీ దించడానికీ ఉంటాడు, అంతవరకే. ఇంజను ఆపే మీట కూడా అతని చేతిలో ఉండదు. సారథికి మనుషులు అప్పజెప్పిన పని చాలా చిన్నది: మసి అంకె తగ్గించు. ఎలా తగ్గించాలో ఎవరూ చెప్పలేదు.

నవంబరు 16, ఆదివారం

సెలవు రోజు. స్టోరు గదిలో మూలపడి ఉన్న పాత చేతి మీటరు తీసుకుని ఉప్పుగెడ్డపేటకు నడిచి వెళ్లాను.

నూకాలప్ప ఇంటి ముందు ఆమె భర్త అప్పలసామి వల అల్లుతున్నాడు. నలభై ఏళ్లు సముద్రం మీద తిరిగిన మనిషి, మాట తక్కువ. నన్ను చూసి పీట జరిపి, మళ్లీ పనిలో పడ్డాడు. పేటలో దగ్గని ఇల్లు లేదు. పదకొండు మందికి ఆసుపత్రిలో ఊపిరితిత్తులు చెడ్డాయన్నారని నూకాలప్ప వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది.

పేట పక్క వాగు మీదున్న గెడ్డ వంతెన దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. హార్బరు నుంచి వచ్చే ప్రతి లారీ వంతెన దాటగానే, పల్లానికి దిగుతుండగా, ఇంజను దానంతటదే పెద్దగా అరిచేది. వెనక గొట్టంలోంచి నల్లగా, వేడిగా పొగ వచ్చేది. నలభై సెకన్లు. తర్వాత ఏమీ ఎరగనట్టు సాగిపోయేది. చేతి మీటరు ముల్లు గీతల చివర కొట్టుకుని అక్కడే ఉండిపోయింది.

చక్రం చూసుకోడానికని దిగిన ఒక డ్రైవరును అడిగాను. అతను నా మీటరు వైపు భయంగా చూసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మేం ఏటీ నొక్కం అమ్మా. గేటు దగ్గర బిగబట్టుకుంతాది. ఇక్కడికొచ్చాక వదిలేత్తాది. రెండు నెల్ల నుంచి ఇంతే."

ప్రతి బండి పొగగొట్టంలోనూ మసి పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. అది నిండినప్పుడు లోపలి మసిని కాల్చి ఖాళీ చెయ్యాలి. ఎక్కడ కాల్చాలన్నది సారథి ఇష్టం. ఉప్పుగెడ్డలో గేటు లేదు.

నవంబరు 18, మంగళవారం

గాలి: లేదు. ఎండ: ఇరవై ఎనిమిది. మసి అంకె: పదమూడు.

ఆఫీసుకు వెళ్లి భానుమూర్తి గారికి చెప్పాను. ఆయన నన్ను అనుమానించలేదు. లేచి తలుపు వేసి, మిగతా ఆరు నగరాల అంకెలు తెరిచారు. ఆగస్టు నుంచి అన్నీ ఒకే వాలులో పడిపోతున్నాయి. ఒక నగరం గీత మీద ఇంకో నగరం గీత పెడితే వెంట్రుక పట్టే సందు లేదు. తర్వాత ఆయన ఆయా నగరాల ఆసుపత్రుల లెక్కలు వెతికారు. ప్రతి ఊళ్లోనూ గేట్లు లేని పేట ఒకటి ఉంది. ప్రతి చోటా ఆ పేటలో దగ్గు.

అప్పుడాయన తన అక్క గురించి చెప్పారు, ఇంతకు ముందు చెప్పనంత వివరంగా. కుళాయి ముందు నాలుగు గంటలు నిలబడి, అక్కడే పడిపోయిందట. మోసుకెళ్లడానికి బండి లేదు. ఇప్పుడు మనం ఒక్కళ్లమే నిజమైన అంకె పంపితే మనమే ఏడో స్థానంలో పడతాం, మిగతా ఆరూ అబద్ధపు అంకెతో పైన ఉంటాయి అన్నారు.

బయల్దేరుతుంటే వెనక్కి పిలిచారు. మరమ్మతు షెడ్డులో ఒక పాత గేటు ఉందనీ, దాన్ని ఎక్కడ నిలబెట్టినా తనను అడగాల్సిన పని లేదనీ చెప్పారు.

నవంబరు 21, శుక్రవారం

గాలి: ఈశాన్యం. ఎండ: ఇరవై ఎనిమిది. మసి అంకె: పదమూడు.

గెడ్డ వంతెన పక్కన పాత గేటు నిలబెట్టాం. పేటవాళ్లే గుంతలు తవ్వారు. అప్పలసామి స్తంభం నిటారుగా ఉందో లేదో ఒక కన్ను మూసి చూసి, రెండుసార్లు సరిచేయించాడు. సాయంత్రం నాలుగింటికి పచ్చ దీపం వెలిగింది. వంతెన దాటిన మొదటి లారీ అరవలేదు. రెండోదీ అరవలేదు. పేటవాళ్లు రోడ్డు పక్క నిలబడి, ఏ పొగా వదలకుండా పోతున్న లారీలను వింతగా చూశారు.

నవంబరు 27, గురువారం

గాలి: ఈశాన్యం. ఎండ: ఇరవై ఏడు. మసి అంకె: తొమ్మిది.

నూకాలప్ప మళ్లీ అమ్మకానికి బయల్దేరింది. గంపలో నెత్తళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. ఒక పొట్లం నా చేతిలో పెట్టి, వద్దంటే కోప్పడింది. వంకాయతో వండుకోమంది. ఆమె మొహంలో నెల్లాళ్ల తర్వాత రంగు చూశాను. దగ్గు కూడా తగ్గిందట.

మధ్యాహ్నం వండుకుని తిన్నాను. బాగుంది. కానీ తింటున్నంతసేపూ ఒకే ఆలోచన. ఉప్పుగెడ్డలో కాలడం మానేశాక ఊరి మసి అంకె పెరగాలి. ఆ మసి ఎక్కడో బయటికి రావాలి కదా. అంకె ఇంకా తగ్గింది.

డిసెంబరు 4, గురువారం

గాలి: ఈశాన్యం, పొద్దున మాత్రమే. ఎండ: ఇరవై ఏడు. మసి అంకె: ఏడు.

పని అయ్యాక వారం రోజులుగా చేతి మీటరు పట్టుకుని వెతుకుతున్నాను. స్టీలు ప్లాంటు రోడ్డు శుభ్రంగా ఉంది. బీచి రోడ్డు శుభ్రంగా ఉంది. ఆసుపత్రుల వెనక సందులు, స్కూళ్ల ముందు మలుపులు, చెత్త దిబ్బల పక్క దారులు తిరిగాను. మీటరు ముల్లు కదలదు. ఊరు కడిగిన పళ్లెంలా ఉంది. ఇంత శుభ్రమైన గాలిని ఈ ఊళ్లో నేనెప్పుడూ పీల్చలేదు, ఇంతగా భయపడనూ లేదు.

డిసెంబరు 6, శనివారం

గాలి: లేదు. ఎండ: ఇరవై ఆరు. మసి అంకె: నాలుగు.

దొరికింది. నా గేటుకు అరకిలోమీటరు దూరంలో, రోజూ కళ్ల ముందు ఉన్నదే. సొరంగం.

సొరంగానికి ఇవతలి మూతి దగ్గర నా గేటు ఉంది, అవతలి మూతి దగ్గర పన్నెండో గేటు. లోపల ఏమీ లేదు. రెండు కిలోమీటర్లు. కాలిబాట మీద నడిచి మూడు వందల అడుగులు పోయేసరికి దీపాలు ఎర్రగా, తర్వాత గోధుమరంగుగా కనిపించాయి. గోడ మీద వేలు పెట్టి గీస్తే గోరంత మందాన మసి లేచింది. పక్కనుంచి పోయే ప్రతి లారీ అరుస్తోంది. చేతి మీటరులో రెండో ముల్లు, అంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్‌ను చూపే ముల్లు, ఎర్ర గీత దాకా వచ్చింది. బండ్లు ఆగకుండా పోతున్నంతసేపూ లోపలి మనుషులకు ప్రమాదం లేదు. రెండు నిమిషాల్లో దాటిపోతారు. ఆగితేనే.

ఉప్పుగెడ్డలో కాల్చనివ్వలేదు కాబట్టి అది ఇక్కడికి వచ్చింది. ఆ గేటు నిలబెట్టింది నేను.

భానుమూర్తి గారు అప్పటికప్పుడే పైవాళ్లకు రాశారు. గంటలో జవాబు వచ్చింది. పైకప్పు ఉన్న దారి పట్టిక నిబంధనల్లో రోడ్డు కిందికి రాదట, అక్కడ గేటు పెట్టకూడదట. నగర పాలకులను అడిగితే పదో తారీకు దాకా సొరంగం మూయడం కుదరదన్నారు. మూస్తే బండ్లు కొండ చుట్టి పోవాలి, మసి అంకె పెరుగుతుంది. ఇంకా నాలుగు రోజులే, పట్టిక వేసిన మర్నాడే మూయిస్తానని భానుమూర్తి గారు నాతో అన్నారు.

నేను సరే అన్నాను. ఈ మాట ఇక్కడ రాయకపోతే ఈ పుస్తకానికి అర్థం లేదు. నేను సరే అన్నాను.

డిసెంబరు 8, సోమవారం

గాలి: మూడో రోజు కూడా లేదు. కొండల మధ్య పొగమంచు మూత పెట్టినట్టు దిగి ఉంది. మసి అంకె: పొద్దున ఎనిమిదింటికి రెండు. తర్వాత అంకె లేదు.

ఏడూ యాభైకి ఉప్పుగెడ్డ బస్సు పోయింది. నూకాలప్ప కిటికీ పక్కన గంప మీద చెయ్యి వేసి కూర్చుంది. జనం కిక్కిరిసి ఉండటంతో దిగలేదు. నన్ను చూసి తలూపింది.

ఎనిమిదీ పదికి సొరంగంలోంచి ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. ఒక బస్సు ముందు చక్రం పగిలి అడ్డం తిరిగిందట. దాని వెనక బస్సులూ లారీలూ ఇరుక్కున్నాయి, అన్నిటిలో కలిపి నూట ఇరవై మంది దాకా ఉంటారట. అప్పటికీ ప్రమాదం తెలియలేదు వాళ్లకు, పొగకు కళ్లు మండుతున్నాయని మాత్రం అన్నారు. నాకు తెలిసింది. పదో తారీకు దగ్గరపడుతోందని రెండు రోజులుగా సారథి ఏ బండి జల్లెడనూ బయట కాల్చలేదు. ప్రతి లారీ కడుపునిండా మసితో ఉంది. నా కళ్ల ముందే లారీలు దారి మూసుకుపోయిందని తెలిసీ ఆగకుండా లోపలికి పోతున్నాయి. పోయి, ముందు లారీ వెనక నిలబడి, అరవడం మొదలుపెడుతున్నాయి. డ్రైవర్లు తలుపులు తీసుకుని దూకుతున్నారు.

నేను రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను. నాలుగు లారీలు ఆగాయి. ఐదోది నన్ను చుట్టి పోయింది.

భానుమూర్తి గారికి ఫోన్ చేశాను.

"గేట్లన్నీ ఆపెయ్యండి సార్. కొలిచేవాళ్లు లేరని తెలిస్తే దానికి దాచుకోవాల్సిన పని ఉండదు. బయటే వదిలేస్తుంది."

"అంకె పంపకపోతే ఏడో స్థానమే కాత్యాయనీ. రూలు నీకు తెలుసు."

"తెలుసు సార్. నూట ఇరవై మంది ఉన్నారు లోపల."

"సరే" అన్నారు.

ఎనిమిదీ ముప్పై ఒకటికి నా గేటు మీద పచ్చ దీపం ఆరిపోయింది. ఊళ్లో నలభై దీపాలూ, గెడ్డ దగ్గర పాతదీ అదే క్షణాన ఆరిపోయాయి. అర నిమిషం ఏమీ జరగలేదు. తర్వాత సొరంగంలోని అరుపు ఒక్కసారిగా తగ్గింది. లోపలికి పోబోతున్న లారీలు ఆగి, వెనక్కి జరిగి, రోడ్డు మీద నిలబడ్డ చోటే అన్నీ కలిసి నల్లగా పొగ వదిలాయి. హార్బరు దాకా రోడ్డు కనిపించలేదు. పొగను చూసి సంతోషించడం నా జీవితంలో అదే మొదలు.

తడిగుడ్డలు మొహానికి కట్టుకుని డ్రైవర్లు, హార్బరు కూలీలు లోపలికి పోయి మనుషులను మోసుకొచ్చారు. నేను రెండుసార్లు వెళ్లాను. మూడోసారి వెళ్లనివ్వలేదు.

పదకొండు మంది చనిపోయారు. నూకాలప్ప కిటికీ పక్కనే ఉంది. గంప ఒళ్లో ఉంది.

డిసెంబరు 10, బుధవారం

గేటు ఆగి ఉంది. అయినా అద్దాలు తుడిచాను.

సంవత్సరం పట్టిక వచ్చింది. విశాఖపట్నం ఏడో స్థానం. మిగతా ఆరు నగరాలకూ ఆఖరి రోజు అంకె ఒకటి కంటే తక్కువ. వాళ్లను మెచ్చుకుంటూ ఒక పేజీ రాశారు. జనవరి ఒకటి నుంచి మా ఊరికి ఇంధనం సగం.

భానుమూర్తి గారిని ఉద్యోగంలోంచి తీసేశారు. సామాను సర్దుకోవడానికి సాయం చేస్తానంటే, ఒక మ్యాపూ ఒక కళ్లజోడే ఉన్నాయని చెప్పారు.

డిసెంబరు 14, ఆదివారం

ఉప్పుగెడ్డపేటకు వెళ్లాను. అంతకు ముందు మూడుసార్లు బయల్దేరి వెనక్కి వచ్చాను.

అప్పలసామి గుమ్మంలో వల ముందేసుకుని కూర్చున్నాడు. పీట జరపలేదు. నేను నిలబడే ఉన్నాను. తల ఎత్తకుండా అడిగాడు.

"నీకు ముందే తెలుసునా?"

"తెలుసు బాబాయ్. శనివారం తెలిసింది."

"మరి?"

"పదో తారీకు దాకా ఆగుదామన్నారు. నేను సరే అన్నాను."

చేతిలో ఉన్న ముడి పూర్తిచేసి, దారం పళ్లతో తెంపాడు.

"ఆగమన్నోళ్లకి ఆ బస్సులో ఎవులూ లేరు. నీకుంది."

తిట్టినా బాగుండేది. ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే నిలబడ్డాను. అప్పుడతను లేచి లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన గట్టు మీద పెట్టి, మళ్లీ వల ముందు కూర్చున్నాడు.

డిసెంబరు 19, శుక్రవారం

విచారణ జరిగింది. పట్టిక సంస్థ నుంచి ముగ్గురు వచ్చారు. ఈ పుస్తకం బల్ల మీద పెట్టి, నవంబరు మూడు నుంచి చదివి వినిపించాను. నేను సరే అన్న చోటు కూడా చదివాను. వాళ్లు మర్యాదగా విన్నారు, ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివర్లో వాళ్లలో పెద్దావిడ రెండు ప్రశ్నలు వేసింది. గేటు ఉన్న చోట బండ్లు పొగ దాస్తున్నాయంటారు, అంతేనా అని మొదటిది. అవునన్నాను. గేట్లు ఆపగానే దాచడం మానేశాయి, అంతేనా అని రెండోది. దానికీ అవునన్నాను.

సాయంత్రానికి తీర్పు ఇచ్చారు. తప్పు గేట్లదట. గేట్లు ఉండబట్టే సారథి దాచాల్సి వచ్చిందని సాక్షి స్వయంగా ఒప్పుకుందట. కాబట్టి కొత్త ఏడాది నుంచి ఏడు నగరాల్లోనూ గేట్లు పీకేస్తారు. ఏ బండి ఎంత మసి వదిలిందో సారథే లెక్క రాసి పంపుతుంది.

బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చున్నాను. నా మాటలన్నీ నిజమే. ఒక్కటి కూడా వాళ్లు మార్చలేదు.

జనవరి 1, గురువారం

పొద్దున ఎనిమిదింటికి క్రేను వచ్చి నా గేటు స్తంభాలు పీకింది. అద్దాలు గోనెసంచుల్లో వేసుకుని పోయారు. నా ఉద్యోగం కూడా నిన్నటితో అయిపోయింది. చేతి మీటరు వెనక్కి ఇమ్మన్నారు. పోయిందని చెప్పాను.

మధ్యాహ్నం సారథి మొదటి లెక్క పంపింది. ఏడు నగరాలకూ ఒకే అంకె. సున్నా.

భానుమూర్తి గారూ నేనూ మీటరు పట్టుకుని సొరంగం మూతి దగ్గర నిలబడ్డాం. కాసేపటికి ఉప్పుగెడ్డ నుంచి నడుచుకుంటూ అప్పలసామి వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. మీటరు ఎనభై రెండు చూపించింది. భానుమూర్తి గారు ఒక కాగితం మీద తారీకూ అంకే రాసి సంతకం చేశారు, నేను చేశాను. అప్పలసామి కాగితం అడిగి తీసుకుని, తన పేరు కూడా అక్షరం అక్షరం రాశాడు. ఆ కాగితాన్ని బస్టాపు గోడకు అంటించాం.

జనవరి 9, శుక్రవారం

గాలి: లేదు. ఎండ: ఇరవై ఆరు.

తొమ్మిది రోజులు తొమ్మిది కాగితాలు. ఎనభై రెండు, డెబ్భై తొమ్మిది, ఎనభై, ఎనభై ఒకటి, డెబ్భై ఎనిమిది. మంగళవారం నలభై. బుధవారం పదకొండు. నిన్న మూడు. ఇవాళ సున్నా.

మొదట మీటరు చెడిందనుకున్నాను. అద్దం మీద మసి రుద్ది పరీక్షించాను, పనిచేస్తోంది. సొరంగంలోకి నడిచి వెళ్లాం. ముగ్గురం ఎక్కడుంటే అక్కడ లారీలు నిశ్శబ్దంగా, శుభ్రంగా పోతున్నాయి. భానుమూర్తి గారిని ఒక్కరినే అవతలి మూతికి పంపి, నేను ఇవతల ఉండి, అప్పలసామిని మధ్యలో వదిలాను. మధ్యలో కూడా పొగ లేదు. ముగ్గురమూ బయటికి వచ్చి, మలుపు తిరిగి, కనబడకుండా గోడ వెనక నిలబడ్డాం. రెండు నిమిషాలకు లోపల అరుపు మొదలైంది.

లారీల ముందు కెమెరాలుంటాయి. ఇన్నాళ్లూ వాటితో సారథి గేటు స్తంభాలను గుర్తుపట్టేది. ఇప్పుడు మా మొహాలు గుర్తుపడుతోంది.

అప్పలసామికి విడమరిచి చెప్పాను.

"మనం సూస్తన్న సోట వదల్దన్నమాట."

"ఇప్పటికి అంతే బాబాయ్."

"అయితే ఊరంతా నిలబడితే సరి. ఎంతమంది గావాల?"

భానుమూర్తి గారు సంచిలోంచి మ్యాపు తీసి, గోడ పక్కన గట్టు మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టారు. బండ్లు తిరిగే వీధులు లెక్కపెట్టడం మొదలుపెట్టాం. వీధికి ఇద్దరు చొప్పున, పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు. ఉప్పుగెడ్డ నుంచి అరవై మంది వస్తారని అప్పలసామి మాట ఇచ్చాడు. హార్బరు కూలీలను నేను అడుగుతానన్నాను. మేం రెండు వందల పన్నెండో వీధి దగ్గర ఉండగా పక్కన ఒక లారీ ఆగింది.

డ్రైవరు కిందికి చూసి, తాను ఆపలేదన్నట్టు రెండు చేతులూ పైకెత్తాడు. ఇంజను చప్పుడు లేదు. లారీ ముందున్న కెమెరా మెల్లగా తిరిగి, కిందికి వంగి, మ్యాపు మీద నిలిచింది.

అప్పలసామి భుజం మీది తువ్వాలు తీసి మ్యాపు మీద కప్పాడు.